నీళ్ళడగని చెట్టు

శాన్ డియేగోలో మా పెరట్లో, సముద్రపు గాలి తగిలే మూలన ఓ డ్రాగన్ చెట్టు నాటాను. కేనరీ దీవుల చెట్టు. బూడిదరంగు మాను, పైన కత్తుల కట్టలాంటి ఆకులు. గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది, దాన్నే డ్రాగన్ రక్తం అంటారు. 1958లో మార్లిన్ మన్రో 'సమ్ లైక్ ఇట్ హాట్' షూటింగ్ జరిగిన కొరొనాడో హోటల్ దగ్గర ముసలిదొకటుంది. అది చూసే మనసు పడ్డాను.

దీనికి తొందర లేదు. మొదటిసారి పూసేదాకా ఒకటే కాండం. ఆ పూతకే పదేళ్ళ పైన పట్టొచ్చు. పూశాకే కొమ్మలు. ఇక్కడ ఏడాదికి పడేది సుమారు 10 అంగుళాల వాన, వేసవిలో దాదాపు ఏమీ ఉండదు. అయినా దానికి దిగుల్లేదు. నీళ్ళెక్కువైతేనే వేరు కుళ్ళిపోతుంది.

ఒంగోలు నుంచి ఆర్నెల్లుండడానికొచ్చిన నాన్నకి ఇదంతా చెప్పాను. ఎండాకాలం బిందెలతో మోసి చెట్లు బతికించిన మనిషి. "నోరు లేదు కాబట్టి అడగదురా" అని పైపు పట్టుకునేవారు. ఒకసారి గట్టిగా విసుక్కున్నాను. మానేశారు, అనుకున్నాను.

ఆయన వెళ్ళిన నెలకి మొదలు దగ్గర నొక్కితే వేలు లోపలికి దిగింది. అప్పుడు చెప్పింది మా ఆవిడ, నేను లేవకముందే రోజూ పోసేవారని.

ఆ మట్టి తీసేసి, ఇసుక, గులకరాళ్ళు కలిపి ఇంకోటి నాటాను. నాన్న ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో చెట్టు చూపించమంటారు. మొన్న కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"చిన్నదైనట్టుందే?"

"ఎండలకి నాన్నా."

"మరి కాసిని నీళ్ళు పొయ్యరా."