మంచం పక్కన మనిషి

మా నాన్న జబ్బ మీద కమిలిన మచ్చలూ, మణికట్టు మీద గోళ్ళ గాట్లూ మా అమ్మ చేసినవే. ఈ మాట బయటపెట్టడానికి అమ్మ ఒప్పుకుంది. "రాయవే, నాలాంటివాళ్ళు ఎన్ని ఇళ్ళలో ఉన్నారో" అంది. పేర్లు మాత్రం వద్దంది. మాది తెనాలి చుట్టుపక్కల పల్లె అని చెబితే చాలు.

నాన్నకు పక్షవాతం వచ్చేనాటికి డెబ్బై నాలుగేళ్ళు. మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది, జవాబు మాత్రం చెప్పలేకపోయేవారు. మింగితే పొలమారుతోందని ముక్కులోంచి గొట్టం వేశారు, మూత్రానికి పైపు పెట్టారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నర్సులే తిప్పారు, తుడిచారు, గొట్టంలో పాలు పోశారు. అవి చేస్తున్నంతసేపూ మమ్మల్ని బయట నిలబడమన్నారు. ఇంటికి పంపిన రోజు నుంచి ఆ పనులన్నీ అమ్మవయ్యాయి. "రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, లేకపోతే పుండ్లు పడతాయి" అని చెప్పి మందుల చీటీ చేతికిచ్చారు. డెబ్బై కిలోల మనిషిని అరవై ఎనిమిదేళ్ళ ఆవిడ ఒక్కతే ఎలా తిప్పాలో ఎవరూ చూపించలేదు.

అన్నయ్య బెంగళూరులో, నేను హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నాం. డబ్బుకు లోటు రాలేదు. పగలు అంట్లు తోమే మనిషి కాస్త సాయం పట్టేది. లోటల్లా రాత్రిళ్ళు. నాన్న ఎడమ చేత్తో గొట్టం పీకేసేవారు. పీకేస్తే మళ్ళీ వెయ్యడానికి ఊళ్ళో ఆర్‌ఎంపీని లేపుకురావాలి. ఆయన రాకపోతే తెల్లారేదాకా నాన్నకు పస్తు. అందుకని అమ్మ పాత చీర పేలికతో ఆయన చేతిని మంచం కోడుకు కట్టడం మొదలుపెట్టింది. మాటిమాటికీ విరేచనం అవుతోందని జావ పోయడం తగ్గించింది. తన బీపీ మాత్రలు ఎప్పుడో మానేసింది. శుక్లాల ఆపరేషన్ వాయిదా వేసుకుంది.

చూడటానికి వచ్చిన చుట్టాలు అమ్మను పొగిడేవాళ్ళు. "భర్తకు సేవ చేసుకునే భాగ్యం అందరికీ దొరుకుతుందా వదినా" అని ఒకరు, "నువ్వు కాబట్టి చేస్తున్నావు" అని మరొకరు. ఆ పొగడ్తల తరవాత "నా వల్ల కావడం లేదు" అనే మాట అమ్మ ఎవరితో అనగలదు? పుణ్యవతి అని ఊరంతా అంటున్న మనిషి చేతకావడం లేదంటే ఆ పుణ్యం ఏమైనట్టు? అమ్మ నోరు అలా మూతబడింది.

విషయం బయటపడింది పైపు మార్చడానికి వచ్చిన నర్సు వల్ల. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో చాలా ఏళ్ళు చేసి, ఇప్పుడు ఇళ్ళకు వెళ్ళి చూస్తున్నారు. ఆ రోజు నేనూ ఇంట్లోనే ఉన్నాను. పని ముగించుకుని నన్ను వరండాలోకి పిలిచారు. "పెద్దమ్మ చెయ్యి పైకి లేచినప్పుడల్లా పెద్దాయన కళ్ళు గట్టిగా మూసుకుంటున్నారు. చూశారా?" అన్నారు. తరవాత లోపలికి తీసుకెళ్ళి నాన్న చొక్కా ఎత్తి చూపించారు. మోకాలికో, మంచం అంచుకో తగిలితే పడే మచ్చలు కావవి. జబ్బ లోపలివైపు, వేళ్ళు పట్టిన చోట పడ్డవి.

ఆవిడ అరవలేదు. ముందు నాన్న దగ్గర ఒంటరిగా కూర్చున్నారు. ఔనంటే నా వేలు నొక్కండి, కాదంటే వదిలెయ్యండి అని చెప్పి అడిగారు. ఇక్కడ భయంగా ఉందా అంటే నొక్కారు. పెద్దమ్మను మీ దగ్గరికి రావద్దని చెప్పమంటారా అంటే వదిలేశారు. మళ్ళీ అడిగినా అదే జవాబు. ఆ తరవాత అమ్మను వంటింట్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేశారు. "పెద్దమ్మా, మీరు రాత్రంతా పడుకుని ఎన్నాళ్ళయింది?"

అమ్మ అప్పుడు చెప్పింది. "దుప్పటి అప్పుడే మార్చాను. మళ్ళీ అయింది. తుడిచి, కొత్తది పరిచి, ఇలా నడుం వాల్చానో లేదో గొట్టం పీకేశారు. కొట్టాను. తరవాత నుంచి చెయ్యి దానంతటదే లేవడం మొదలుపెట్టింది. కొట్టాక ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చేదాన్ని. మర్నాడు మళ్ళీ అంతే."

నాకు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. అన్నయ్యకు ఫోన్ చేస్తే ముందు నమ్మలేదు, తరవాత "ఎక్కడా పొక్కనివ్వకు" అన్నాడు. మా ఇద్దరికీ తోచని దారి నర్సు చూపించారు. "కష్టానికి జాలిపడదాం. దెబ్బకు మాత్రం ఒప్పుకోవద్దు" అన్నారు. మళ్ళీ కొత్త మచ్చ కనబడితే 14567కు తానే ఫోన్ చేస్తానని అమ్మ ముందే చెప్పారు. అది వృద్ధుల కోసం దేశమంతటా ఉన్న ఉచిత హెల్ప్‌లైన్, ఎల్డర్ లైన్. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. సలహా చెబుతారు, అవసరమైతే మనిషిని పంపి చూస్తారు. అమ్మ తలవంచుకుని "చెయ్యండమ్మా" అంది.

అదే రోజు ఆవిడ అమ్మ కోసం మరో కాగితం తీశారు. రోగిని చూసుకునేవాళ్ళ మీద భారం ఎంతుందో కొలిచే జారిట్ ప్రశ్నల పట్టిక. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు. మీకంటూ సమయం మిగులుతోందా, కోపం వస్తోందా, మీ ఆరోగ్యం దెబ్బతింటోందా, ఇలాంటివి తెలుగులో అడుగుతూ పోయారు. నాన్నకు జబ్బు చేసినప్పటి నుంచీ అమ్మ గురించి అమ్మను ఎవరైనా అడగడం అదే మొదలు. జవాబులు చెబుతూనే ఏడ్చింది.

ఆ తరవాత ఇంటి పద్ధతి మార్చాం. రాత్రికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నాం. నాన్నను ఆమె చేతికి వదిలెయ్యకుండా వారం వారం నర్సు ఒళ్ళంతా చూసేవారు. అమ్మ పడక వేరే గదిలోకి మారింది. అన్నయ్యా నేనూ వంతులు వేసుకుని సెలవులు పెట్టాం. చేతిని కట్టడం మానేసి మెత్తటి గుడ్డ తొడుగు వేశాం. దాంతో చెయ్యి కదులుతుంది, గొట్టం మాత్రం పట్టుకు లాగలేదు. నడుం కింద అడ్డంగా మడత దుప్పటి పరిచి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని తిప్పడం నర్సు నేర్పించారు. పూర్తిగా పక్కకు తిప్పక్కర్లేదు, వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా వాలిస్తే చాలు. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మరో దిండు. గొట్టంలో పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలి, పోశాక అరగంటకు పైగా అలాగే ఉంచాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవన్నీ ఒక్క పూటలో వచ్చిన పాఠాలు. ఆసుపత్రిలో మమ్మల్ని బయట నిలబెట్టిన గంటల్లో ఒక్కటి చాలేది.

ఇల్లాలి అలసట ప్రతి హింసకూ సంజాయిషీ కాదు. పింఛను లాక్కునేవాళ్ళు, పొలం రాయించుకుని పెద్దల్ని గొడ్లచావిట్లో పడేసేవాళ్ళు అలసిపోయి ఆ పని చెయ్యడం లేదు. వాళ్ళ కోసమే 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇప్పించవచ్చు. చూసుకుంటాననే షరతు మీద రాయించుకున్న ఆస్తిని, చూడకపోతే రద్దు చేయవచ్చు. చూడాల్సిన పెద్దల్ని వదిలించుకుంటే మూడు నెలల జైలు, 5,000 రూపాయల జరిమానా దాకా శిక్ష పడొచ్చు. 60 దాటినవాళ్ళలో ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకం హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఐక్యరాజ్యసమితి జూన్ 15ను దీనికోసమే అవగాహన దినంగా గుర్తించింది.

అయితే మా ఇంటి లాంటి ఇళ్ళకు జైలుకంటే ముందు కావలసింది రాత్రి నిద్ర. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికే పరిమితమైన అర్హులకు నెలకు 15,000 రూపాయల పింఛను వస్తోంది. తెలంగాణలో పాలియేటివ్ (ఉపశమన చికిత్స) కేంద్రాల నుంచి నర్సులు ఇళ్ళకు వెళ్ళి చూస్తున్నారు. రెండూ మంచివే. మంచం పక్కన కూర్చున్న మనిషికి వారానికి ఒక్క రాత్రి విడుపు ఇచ్చే ఏర్పాటు మాత్రం మా మండలమంతా అడిగినా దొరకలేదు. జీతం ఇచ్చుకోగలిగాం కాబట్టి మేం గట్టెక్కాం. ఇచ్చుకోలేని ఇళ్ళలో పేలికతో కట్టడం ఇంకా సాగుతూనే ఉంటుంది.

నాన్న ఆ తరవాతి చలికాలంలో న్యుమోనియాతో పోయారు. అప్పటికి ఒంటి మీద ఒక్క పుండు లేదు, కొత్త మచ్చ లేదు. ఆఖరి వారాల్లో అమ్మ దుప్పటి సర్దుతుంటే కళ్ళు మూసుకోవడం మానేశారు. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, బీపీ మాత్రలు వేసుకుంటోంది. చేసినదాన్ని తక్కువ చేసి చెప్పుకోదు, మమ్మల్నీ చెప్పనివ్వదు.

ఆసుపత్రులను నేను అడిగేది ఒకటే. మనిషిని ఇంటికి పంపే కాగితంలో రెండు ప్రశ్నలు చేర్చండి. ఇంట్లో చూసుకునేది ఎవరు? రాత్రిపూట ఆవిడకు మారు ఎవరు? రెండో ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ఇంకా పంపే వేళ కాలేదు. ఆ కుటుంబమంతటినీ లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, వంతులు తేల్చి, చేతులు పట్టి పని నేర్పి అప్పుడు పంపండి.