గుండె దిటవంటే సునయనదే

అమెరికాలో తెలుగు సంఘాల సభల్లో ఎవరికి శాలువా కప్పినా ఒకటే పొగడ్త: రెండు సూట్‌కేసులతో విమానమెక్కి వచ్చిన ధైర్యశాలి! నిజమే, అదీ ధైర్యమే. కానీ అంతకు మించిన తెగువ, గుండె దిటవు కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతా ఊరు చూసింది.

2017 ఫిబ్రవరి 22 సాయంత్రం. గార్మిన్ కంపెనీ ఇంజనీర్లు కూచిభొట్ల శ్రీనివాస్, మాడసాని అలోక్ ఆఫీసు అయ్యాక ఆస్టిన్స్ బార్‌లో ఆరుబయట కూర్చున్నారు. అక్కడి సిబ్బందికి ఇద్దరూ బాగా ఎరుకే. తాగే విస్కీ పేరు పెట్టి 'జేమిసన్ గైస్' అనేవాళ్లు. ఒకడు వచ్చి, మీకు ఈ దేశంలో ఏం పనంటూ నోరు పారేసుకున్నాడు. బయటికి పంపేస్తే తుపాకీతో తిరిగొచ్చి కాల్పులు జరిపాడు.

ఇయన్ గ్రిల్లాట్ అనే 24 ఏళ్ల తెల్లకుర్రాడు బల్ల కింద నక్కి తూటాలు లెక్కపెట్టాడు. తొమ్మిది పేలాయి, ఇక అయిపోయాయనుకుని హంతకుడి వెంటపడ్డాడు. ఇంకోటి మిగిలే ఉంది. అది అతని చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలో దిగింది. ప్రాణం దక్కింది. ఆ మార్చిలోనే హ్యూస్టన్‌లోని భారతీయుల సంస్థ ఇండియా హౌస్ అతన్ని పిలిచి, ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు అందించింది.

అలోక్ గాయాలతో బయటపడ్డారు. శ్రీనివాస్ దక్కలేదు. ఆయనకు 32 ఏళ్లు.

రెండు రోజులకే ఆయన భార్య దుమాల సునయన మైకుల ముందుకొచ్చి, ఈ ద్వేషాన్ని ఆపడానికి ప్రభుత్వం ఏం చేస్తుందని నిలదీశారు. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చాక మరో దెబ్బ తగిలింది. భర్త వీసా మీద ఆధారపడ్డ హోదా ఆయనతోపాటే పోయింది. ఇక పుట్టింట్లోనే ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టరు. ఆమె ఉండలేదు. అమెరికా కాంగ్రెస్‌లో అప్పటి కాన్సస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకోవడంతో దారి దొరికి, భర్తను చంపిన చోటికే తిరిగెళ్లారు. 'ఫరెవర్ వెల్‌కమ్' అనే కార్యక్రమం మొదలుపెట్టి, వలసవచ్చినవాళ్ల సంగతులు స్థానికులకు చెబుతూ వచ్చారు. 2018లో హంతకుడికి యావజ్జీవ శిక్ష పడింది.

శాలువాలు కప్పే సంఘాలకు ఒక మనవి. జీవిత భాగస్వామి వీసాపై ఆధారపడే హెచ్‌-4 వీసా మీద ఉన్నవాళ్లు, ఆ భాగస్వామికి ఏదైనా అయితే తమ హోదా ఏమవుతుందో ముందే తెలుసుకుని ఉండాలి. ఉగాది సంబరాల్లో పాటలకూ ఆటలకూ పోగా ఒక్క గంట మిగిల్చి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని పిలిచి ఆ వివరాలు చెప్పించండి.