మేనరికమును, మాతృనిందయు

గోదావరి మండలములలో మేనరికమునకు గల గౌరవము చదువరులకు తెలియనిది కాదు. పొలము చేజారదనియు, ఎఱిగిన యింటికే పిల్ల చేరుననియు పెద్దలు చెప్పుదురు. మా వివాహమును అట్టిదే. నా భార్య నాకు మేనమామ కూతురు. మా కుమార్తె పుట్టుకతోనే యొక యరుదైన గ్రంథివ్యాధి కలది.

మూత్రపిండములపై అడ్రినల్ గ్రంథులు రెండు గలవు. కార్టిసాల్, ఆల్డోస్టిరోన్ అను హార్మోనులను తయారుచేయుట వాని పని. అందుకు వలసిన ఎంజైము ఈ పిల్లలలో చాలదు. కార్టిసాల్ కొఱవడినచో శరీరము జ్వరమునకు తాళజాలదు. ఆల్డోస్టిరోన్ కొఱవడినచో ఒంటిలోని ఉప్పు మూత్రముతో వెడలిపోవును. అట్టి శిశువు రెండవ వారమునకే వాంతులతో సొమ్మసిల్లవచ్చును. పురుష హార్మోనులు మాత్రము మితిమీరుటచే ఆడుశిశువుల జననాంగములు మగచిహ్నములను పోలుటయు గలదు.

1950లో కార్టిసోను చికిత్స ఆరంభమగువఱకు దీనికి సరియైన మందు లేదు. నేడు హైడ్రోకార్టిసోను మాత్ర దినమునకు మూడు మార్లు, ఉప్పు పోవువారికి ఫ్లూడ్రోకార్టిసోను, జ్వరమందు వైద్యుడు చెప్పినంత మోతాదు పెంచవలెను, వాంతులైనచో సూదిమందు. ఇంతమాత్రముచే బిడ్డ బడికి పోవును, ఆడును, పాడును.

మందు సులభము, లోకుల మాటయే కష్టము. బిడ్డను చూడవచ్చిన ముత్తైదువలు “ఏ నోము చెడినదో” యని తల్లివంకనే చూచిరి. నావంక చూచినవారు లేరు. శాస్త్రము వేఱుగా చెప్పుచున్నది. తల్లినుండి యొక లోపము, తండ్రినుండి యొక లోపము చేరినగాని ఈ వ్యాధి రాదు. ఒక్కటే గలవారు ఆరోగ్యవంతులు. అట్టివా రిరువురు దంపతులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట నొకవంతు భయము గలదు. ఒకే తాత సంతతివారు ఒకే లోపమును మోయుట కవకాశ మెక్కువ గనుక మేనరికములలో ఇది హెచ్చు. ప్రపంచమున సుమారు 15,000 శిశువులకొకరికి వచ్చు వ్యాధి, హైదరాబాదు పరిశోధకులు 2004లో ప్రకటించిన శిశుపరీక్షలలో 2,575 మందికొకరికి కనబడినది.

పెండ్లి కాదను భయముచే దాచుమని బంధువులు బోధింతురు. దాచినచో నలుగురి నడుమ మాత్ర తప్పును. వాంతినాడు సూదిమందు సంగతి ఉపాధ్యాయురాలికి తెలియకపోవును. అవయవముల విషయము బిడ్డ స్వకీయము. ప్రాణమునకు వలసిన మాట మాత్రము దాచరాదు.

1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. భర్త మరణమును భార్య నెత్తిన రుద్దిన లోకమే నేడు బిడ్డ వ్యాధిని తల్లి నెత్తిన రుద్దుచున్నది. మేనరికము తలపెట్టువారు ముందుగా వైద్యుని సంప్రదింతురు గాక. శిశువు మడమనుండి నాలుగు రక్తపుబొట్లు పరీక్షింపించుదురు గాక. అన్నిటికంటె ముందు, తండ్రులు వీథియరుగు మీద నలుగురు వినునట్లు “ఇందులో సగము నాది” యని చెప్పవలెను.