మా యింటి ప్రియదర్శిని

మా యింట టీవీ యున్న గదియే భోజనపుగది, పిల్లల చదువుగది, చుట్టములు వచ్చినపుడు పడకగదియు. మానుకోటలో ఉపాధ్యాయుని యింటికి ఇంతకంటె విశాలమైన వసతి దొరకుట అరుదు. కావున అందులో కనబడు బొమ్మ ఇంటిల్లిపాదికిని ఉమ్మడి సొత్తు. దానినిగూర్చి ప్రతివారికిని ఒక అభిప్రాయము కలదు. మా అభిప్రాయములు కొన్ని సోదరీమణులకు చెప్పుటకును, వానివలన మా యింట జరిగిన పొరపాటు నొకదానిని దాచక ఒప్పుకొనుటకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాకు బడిచదువు లేదు. మా తండ్రిగారు ఇంటివద్దనే కూర్చుండబెట్టుకొని అమరము, భారత భాగవతములు చెప్పిరి. అందుచేత ఏ పురాణచిత్రము చూచినను మా దృష్టి ముందుగా మూలగ్రంథముపైకి పోవును. 2020 సంవత్సరమున బడులు మూతపడి అందరును ఇండ్లలో నుండగా, 1987లో మొదట వచ్చిన రామానందసాగరుగారి రామాయణమును దూరదర్శనమువారు మరల ప్రసారము చేసిరి. మా అత్తగారు హిందీ తెలియకున్నను చేతులు జోడించి చూచెడివారు. లక్ష్మణుడు పర్ణశాల ముందు గీత గీయగానే మేము, “ఈ గీత వాల్మీకి రామాయణమున లేదు” అంటిమి. మా వారు నవ్విరి. ఆ నవ్వు మాకు మెప్పుగా తోచెను. నాటినుండి తప్పులెన్నుట మాకు అలవాటయ్యెను.

సాయంకాలపు సీరియళ్ళ విషయమున ఆ అలవాటు కొంత మేలే చేసినది. అందలి స్త్రీలు పట్టుచీరలతోను నగలతోను నిద్రింతురు. ఒక తలుపు తెరచుకొనినచో కూర్చున్నవారి మొగములన్నిటిని ముమ్మారు చూపుదురు. మేమొకసారి పుట్టింటికి పోయి నెల దినములుండి వచ్చితిమి. పోవునాడు పెండ్లికొడుకు చేతిలో నున్న ఉంగరము వచ్చునాటికిని పెండ్లికూతురి వ్రేలికి చేరలేదు! ఇవి నవ్వుకొనదగిన లోపములు. నవ్వరానిది మరియొకటి కలదు. ఆ యిండ్లలో బియ్యమేరువారు లేరు, బట్టలుతుకువారు లేరు. ఉన్న పనియెల్ల ఒక స్త్రీ మరియొక స్త్రీకి గోతులు త్రవ్వుటయే. మగవారు ఏమియు తెలియనట్లు సోఫాలలో కూర్చుందురు. మా అత్తగారు ఒకనాడు, “గా అత్తకు పనిలేదు బిడ్డా. పనుంటే గీ పంతాలెక్కడియి?” అనిరి. ఇంతకంటె చక్కని విమర్శనము మేము వ్రాయలేము.

పాత చిత్రములలో మాకు మిక్కిలి నచ్చినది 1963లో వచ్చిన నర్తనశాల. తిక్కనగారి విరాటపర్వము చదువుకొనినవారికి ద్రౌపది అభిమానము, కీచకుని మదము ఎట్టివో తెలియును. సావిత్రిగారిని, రంగారావుగారిని చూచిన పిమ్మట మేము పుస్తకము విప్పినపుడు వారి మొగములే కనబడుచున్నవి. అచ్చట మా నోటికి పని లేకపోయెను.

మాయాబజారు నాడు ఆ నోరే మాకు శత్రువయ్యెను. అది మిరపకాయల కాలము. మా అత్తగారు చాపమీద కూర్చుండి తొడిమలు తీయుచు చూచుచుండిరి. 1957 నాటి ఆ చిత్రమున ప్రియదర్శిని యను పేటిక యొకటి వచ్చును. శ్రీకృష్ణుడు దానిని శశిరేఖకు ఇచ్చును. మూత తెరచి చూచినవారికి, వారి మనస్సునకు ప్రియమైనదేదో అదియే అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడును. రేవతికి నగలు కనబడును. మా అమ్మాయి, “ఇది ఆ కాలపు టీవీ యేనా, నాయనమ్మా?” అని అడుగగా అందరును నవ్విరి. మా అత్తగారు మొగము వికసించి, “మా అవ్వ విసుర్రాయి తిప్పుకుంట ఈ కథ చెప్పేది బిడ్డా” అని ఆరంభించిరి.

మేము ఊరకుండలేదు. “ఈ కథ భారతమున లేదు. అభిమన్యుని వివాహము ఉత్తరతో జరిగినది. శశిరేఖ పేరైనను కవిత్రయమువారు ఎత్తలేదు” అంటిమి.

“లేదా బిడ్డా?” అని మాత్రము అని ఆమె తల వంచుకొని తొడిమలు తీయసాగిరి. ఆ కథ మరి చెప్పలేదు. మరునాటినుండి మేము టీవీ పెట్టినపుడు ఆమె లేచి పోయి బయటి అరుగుమీద కూర్చుండసాగిరి. కంటికి వెలుతురు పడదని ఒకనాడు, నడుము నొప్పి యని మరియొకనాడు చెప్పిరి. పదిదినములైన పిమ్మట మా అమ్మాయి అసలు సంగతి చెప్పినది: “సదువుకున్నోళ్ళ నడుమ నాకేమెరుక అంటున్నది నాయనమ్మ.”

ఆ మాట మమ్ము తాకినది గాని, మేము అన్నది సత్యమే గదా యను అహంకారము విడువలేదు. దానిని విడిపించినవాడు పోతనామాత్యుడు. ఆయన పుట్టినదని చెప్పుకొను బమ్మెర మాకు దూరము కాదు; మా పొరుగు జనగామ జిల్లాలోనిదే. ఒక సెలవునాడు మా అమ్మాయికి గజేంద్రమోక్షము చెప్పుచుండగా మా వారు సంస్కృత భాగవతమును ప్రక్కన పెట్టుకొని కూర్చుండిరి. స్వామి వైకుంఠమునుండి పరుగున వచ్చునపుడు లక్ష్మీదేవి వెనువెంట నడచుచు, అడుగుదునా మానుదునా యని తడబడుట మాకు ప్రాణప్రదమైన ఘట్టము. మా వారు పుటలు త్రిప్పి, “ఇది మూలమున లేదే!” అనిరి.

ఆయన వేళాకోళమునకే అనిరి. మాకు నవ్వు రాలేదు. మూలమున లేదని ఆ పద్యములను మేము త్రోసివేయుదుమా? భక్తుడు తన హృదయములో చూచినదానిని కథకు చేర్చినపుడు దానిని తప్పని ఎవరనగలరు? పోతనగారికి మేమిచ్చు అనుమతిని, విసుర్రాయి త్రిప్పుచు పిల్లకు కథ చెప్పిన తల్లికి ఏల ఈయరాదు? మాయాబజారు తీసిన కె.వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన మొదటి చిత్రము భక్తపోతన యని తెలిసినపుడు మాకు మరింత సిగ్గయ్యెను. అయినను అత్తగారియొద్దకు పోయి తప్పయినదని చెప్పుటకు నోరు రాలేదు.

ఇట్లుండగా బలగము చిత్రము టీవీలో వచ్చినది. 2023లో వెలువడిన ఆ చిత్రమును తెలంగాణపు పల్లెలలో తెరలు కట్టి ఊరివారందరును కలిసి చూచిరి. మా వారు అత్తగారిని బలవంతముగా లోనికి పిలుచుకొని వచ్చిరి. అందు ఒక వృద్ధుడు మరణించును. పెట్టిన పిండమును కాకి ముట్టదు. నల్లిబొక్క విషయమున భోజనమువద్ద పుట్టిన మాటపట్టింపు పెరిగి, ఆయన కూతురు ఏండ్ల తరబడి పుట్టింటి గడప త్రొక్కకుండును. చివర బుడగజంగాలు వచ్చి పాడుదురు.

మా అమ్మాయి, “వీరెవరమ్మా? ఏల పాడుచున్నారు?” అని మమ్మడిగినది. మా పుస్తకములలో దానికి ఉత్తరము లేదు. మేము అత్తగారి మొగము చూచితిమి. ఆమె కన్నులు తుడుచుకొని, “పోయినోళ్ళ సంగతి పాటల చెప్తరు బిడ్డా. ఏడ్వనోళ్ళు గూడ ఏడుస్తరు. ఏడిస్తెనే గదా మనసులున్నది పోయేది” అనిరి. పిమ్మట తన తండ్రి పోయిననాడు వారు వచ్చి పాడిన వైనము చాలసేపు చెప్పిరి. పెండ్లియై వచ్చి ఇన్నేండ్లయినను మేము ఆ సంగతి ఎన్నడును వినలేదు, ఎన్నడును అడుగలేదు.

ఒక ఎముకముక్క ఒక యింటిని విరిచిన కథ చూచుచు, మేమన్న ఒక మాటను తలచుకొంటిమి. ఆ రాత్రి అందరును పండుకొనిన పిమ్మట ఆమె చెంత కూర్చుండి, “అత్తమ్మా, ఆనాడు మా నోరు తప్పు చేసినది. మీ అవ్వగారి శశిరేఖ కథ చెప్పుడు” అని అడిగితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. “పుస్తకంల లేదంటివి గదా?” అనిరి. “అందుకే మిమ్ము అడుగుచున్నాము” అంటిమి. కథ ముగియునప్పటికి ఒంటిగంట దాటినది.

సోదరీమణులారా! చిత్రములలోని మంచిచెడ్డలు చెప్పుట మేము మానలేదు. మానవలసిన పనియు లేదు; మూలము తెలిసినవారు పిల్లలకు దానిని చెప్పవలసినదే. కాని చెప్పుటకు వేళ కలదు. ప్రక్కన కూర్చున్నవారికి ఆ పేటికలో ఏ ప్రియవస్తువు కనబడుచున్నదో తెలిసికొనక మునుపే మూత వేయరాదు. మేము అందు గ్రంథమును చూచుచుండగా, మా అత్తగారు తన తల్లిని చూచుచుండిరి.

ఇప్పుడు ఆమె స్థానము చాపమీద, మా ప్రక్కనే. పురాణచిత్రము వచ్చినపుడు మావైపు ఓరగా చూచి, “ఇది పుస్తకంల ఉన్నదా బిడ్డా?” అని అడుగుదురు. “అది రేపు చూతము, అత్తమ్మా. ముందు మీరు చెప్పుడు” అందుము.