రాసేదే చదవాలా?

కథ రాస్తున్న రోజుల్లో నేను కథలు చదవలేను. రావిశాస్త్రిగారివి రెండు పేజీలు తిరగేస్తే చాలు, ఆయన ఉపమానాలు నా వాక్యాల్లోకి వరసకట్టి వచ్చేస్తాయి. అందుకే అప్పుడు కవిత్వం, ఆత్మకథలు చదువుకుంటాను.

కథకులు కథలే చదవాలన్న మాట నాకు ఎక్కదు. కొడవటిగంటి కుటుంబరావుగారినే చూడండి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామలో రాజకుమారుల, రాక్షసుల కథలు దిద్దారు. అదే చేత్తో మధ్యతరగతి ఇళ్లలోని డబ్బు లెక్కల్ని, పెళ్లిళ్లని, సర్దుబాట్లని కథలు చేశారు. సైన్సు మీదా, సినిమా మీదా వ్యాసాలు రాశారు. ఆయన చూపు అంత సూటిగా ఉండటానికి ఆ విశాలమైన చదువే కారణమని నా గట్టి నమ్మకం.

అలాగని సొంత ప్రక్రియను వదిలేస్తే కుదరదు. కథ పూర్తవగానే నేను మొదట వెతుక్కునేది ఒక మంచి కథనే.

రాసే మిత్రులారా, రాస్తున్నప్పుడు మీరేం చదువుతారో చెప్పండి.