కాంటర్‌బరీలో విన్న కంఠము



ఇంగ్లండునకు బోయివచ్చినవారు లండను నగరపు వింతలను వర్ణించుట పరిపాటి. ఆ పని మాకన్న సమర్థులైనవారు అనేకులు చేసియున్నారు. మేము వ్రాయబూనినది కెంటు మండలములోని కాంటర్‌బరీ పట్టణమును గూర్చియు, దానికి సమీపమున పొలముల నడుమ నున్న యొక పల్లెగుడిని గూర్చియు, ఆ రెండుచోట్లను పాడిన యొక పురుషుని కంఠమును గూర్చియు. ఆ కంఠముతో మా యింటికి నొక సంబంధ మేర్పడినది. అది చెప్పనిదే తక్కినది మీకు రుచింపదు.

మా చిన్నవాడు ఎనిమిదవయేట సంగీతము మొదలుపెట్టెను. ఆడపిల్లలతో గూడ కూర్చుండి ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడుచుండెను. పదునాలుగవయేట గొంతు మారినది. మాటాడునపుడు తండ్రిగొంతే, పాడబోయినచో మాత్రము వెనుకటి యెత్తునకే పోవును. ఒంటిశ్రుతికి దించి పాడుమని యెంత చెప్పినను దిగకపోయెను. నేర్పునాయన విసిగి, అది దొంగగొంతనియు, మగవాడు అట్లు పాడగూడదనియు అనెను. ఒకనాడు పోటీలో ఎదుటివరుస పిల్లలు నోటికి చేతులడ్డము పెట్టుకొని నవ్విరి. ఇంటికి వచ్చి మంచముపై పడుకొన్నవానితో మేము, "పోనీ నాయనా, కొన్నాళ్లు పాడకు" అంటిమి. ఓదార్చుచున్నామనియే తలంచితిమి. వాడు లేచి శ్రుతిపెట్టెను గుడ్డలో చుట్టి అటకమీద పెట్టించెను. అది మొదలు రెండేండ్లు మా యింట పాట లేదు. ఎదుటివరుస పిల్లలు నవ్వి మరచిపోయి యుందురు. పాట మాన్పించినది మేమే.

మా పెద్దమ్మాయి కెంటులోని యాష్‌ఫర్డు పట్టణమున కాపురముండుటచే, జూను మాసమున ముగ్గురమును అచ్చటికి బోయితిమి. ఒక ఉదయమున ఆమె వంటయింట పని చేసికొనుచు ఫోనులో ఏదో పాట పెట్టెను. వెనుక చిటపటమను శబ్దము. పోపులో ఆవాలు వేగుచున్నవేమో యని మేము పొయ్యివంక చూచితిమి. అది పాతప్లేటు గీతల చప్పుడట. "ఎవరు పాడుతున్నారో చెప్పు అమ్మా" అని అడిగెను. "ఎవరో దొరసానమ్మ" అంటిమి. "కాదు. నిలువెత్తు మనిషి, గడ్డముకూడా ఉన్న పెద్దమనిషి" అని నవ్వి బొమ్మ చూపెను. తలయెత్తి చూచునప్పటికి మా చిన్నవాడు పండ్లు తోముకొను కుంచె చేతబట్టుకొని గుమ్మములో నిలుచుండి యుండెను. పాట ముగియువరకు కదలలేదు.

ఆ పెద్దమనిషి ఆల్‌ఫ్రెడ్ డెల్లరు. 1912లో కెంటు సముద్రతీరమందలి మార్గేటులో జన్మించెను. బాల్యమున చర్చిలో పాడెను. ఈడు వచ్చిన పిమ్మట అందరివలె మంద్రమునకు దిగక పైస్వరములనే సాధన చేయుచు వచ్చెను. ప్రత్యేకించి గాత్రగురువును ఆశ్రయించినవాడు కాడు. కుర్చీలు బల్లలు అమ్ము అంగడిలో కొలువు చేసి పొట్టపోసికొనుచు, 1940లో కాంటర్‌బరీ కేథడ్రల్ గాయకులలో జేరెను. అది యుద్ధకాలము. చంపుట తన మనస్సాక్షికి విరుద్ధమని సైన్యమునకు బోక, పొలము పనికి బోవుచు, దేవళములో పాడుచుండెను.

ఇట్టి కంఠమును వారు కౌంటర్ టెనరందురు. పురుషునికి ఈడు వచ్చినప్పుడు గొంతులోని స్వరపొరలు పొడుగై దళసరియగును. అందుచే మాట బరువగును. ఆ పొరలను సాగదీసి అంచులు మాత్రమే అదరునట్లు పాడినచో నాదము పలుచనై పైకి బోవును. దీనిని ఫాల్సెట్టో యందురు. ఇటాలియను భాషలో 'ఫాల్సో' యనగా దొంగది, అసత్యమైనది యని యర్థము. ఎంత దూరమునుండి ఎంత దూరము! దొంగగొంతను మాట మన పాఠశాలలోనే పుట్టినదని మేము తలపోసితిమి.

ఒక సందేహము మా చదువరులకును కలుగవచ్చును. పూర్వము ఇటలీలో మగపిల్లలకు శస్త్రము చేయించి, ఈడు రానీయక, ఆ బాలస్వరమునే నిలిపి నాటకశాలలలో పాడించెడివారు. ఆ క్రూరాచారమునకును దీనికిని సంబంధము లేదు. డెల్లరు సంసారి, బిడ్డలు గలవాడు. మన నాటకములలో స్థానం నరసింహారావుగారు స్త్రీపాత్ర ధరించి యాడుదానివలె పాడుటయు వేరు. కౌంటర్ టెనరు స్త్రీవేషము వేయడు, స్త్రీననుకొనుమని యెవరిని కోరడు. మగవాడు మగవాడుగనే నిలుచుండి ఆ యెత్తున పాడును. మేము ఈ మాట చెప్పుచుండగా మావారు "మరి మనవాణ్ణి ఎందుకు నవ్వారు?" అని యడిగిరి. మాకు సమాధానము దోచలేదు.

మరునాడు యాష్‌ఫర్డులో రైలెక్కితిమి. దారిపొడుగున స్టౌరు నది ఒకసారి కుడిచేతను ఒకసారి ఎడమచేతను కనబడుచుండును. వై, చిల్లం, చార్టం అను చిన్నచిన్న స్టేషనులు దాటిన పిమ్మట కాంటర్‌బరీ వచ్చును. వెస్టుగేటు అను రాతి కోటవాకిలిగుండ వీధిలో ప్రవేశించి, సందులు తిరిగి, చెక్కడపు పనిగల మరియొక ద్వారము దాటినచో కేథడ్రల్ ఒక్కమారుగా ఎదుట నిలుచును. 597లో అగస్టిను అను సన్యాసి రోమునుండి వచ్చి యిచ్చట పీఠము స్థాపించినదియు, 1170లో బెకెట్టు అను మతగురువును రాజభటులు ఈ గుడిలోనే నరికినదియు మీరు చదివియే యుందురు. యాత్రికుల మోకాళ్లకు అరిగిన మెట్లు నేటికిని గలవు. మేము వాటిని చూచి నమస్కరించి, ఉత్తరపు వరుసలో నున్న యొక చలువరాతి ప్రతిమకడ చాలసేపు నిలిచితిమి.

ఆ ప్రతిమ ఆర్లాండో గిబ్బన్సు అను స్వరకర్తది. 1625లో ఛార్లెసు రాజు ఫ్రాన్సునుండి వచ్చు నవవధువునకై యిచ్చట ఎదురుచూచుచుండగా, రాజు పరివారముతో వచ్చిన గిబ్బన్సు అకస్మాత్తుగా ప్రాణము విడిచెను. పెండ్లికి వచ్చిన గాయకుని ఈ యూరిలోనే పూడ్చిరి. ప్రతిమను చేయించి పెట్టినది ఆయన యిల్లాలు ఎలిజబెత్తు. ఇంతమంది గొప్పవారి సమాధులలో, మగనికై యాలు పెట్టించిన యీ చిన్న శిలావిగ్రహమే మాకు మనసున నాటినది.

1942 మే 31 రాత్రి జర్మను విమానములు ఈ యూరిపై నిప్పు గురిపించెను. వీథులకు వీథులు నేలమట్టమయ్యెను; గుడి గ్రంథాలయము కూలెను; గుడి మాత్రము నిలిచెను. ఆ శిథిలముల మధ్యనే రెండేండ్లలోపల సంగీతచరిత్రలో చెప్పుకోదగిన సంగతి యొకటి జరిగినది. లండనులోని మోర్లీ కాలేజీలో సంగీతము నడుపుచున్న మైకేల్ టిప్పెట్టు అను స్వరకర్త, పర్సెలు అను ప్రాచీన వాగ్గేయకారుని కృతులను మరల ప్రజలకు వినిపింపగోరుచుండెను. అందులో ఈ హెచ్చుస్వరపు పాటలనేకములు గలవు. వాటిని పాడదగిన పురుషులు చర్చి మేళములలో తప్ప మరెచ్చటను లేకపోవుటచే, వేదికలపై స్త్రీలచేతనో, శ్రుతి దించి యితరులచేతనో పాడించుచుండిరి. కాంటర్‌బరీకి వచ్చిన టిప్పెట్టు ఎదుట డెల్లరు పర్సెలు రచించిన 'మ్యూజిక్ ఫర్ ఎ వైల్' అను పాట పాడెను. తాను వెదకుచున్నది దొరకినదని టిప్పెట్టు అప్పుడే గ్రహించెను. 1946 సెప్టెంబరు 29వ తేదీన బి.బి.సి. వారు థర్డు ప్రోగ్రామను ప్రసారశాఖ నారంభించిన రాత్రి, డెల్లరు కంఠము దేశమంతట వినబడెను. నాడు పాడినది, మేరీరాణి పుట్టినరోజునకై 1694లో పర్సెలు రచించిన కృతి.

పర్సెలును గూర్చి నాలుగుమాటలు. 1659లో పుట్టి 1695లో పోయెను, బ్రతికినది ముప్పదియారేండ్లు. ఇరువదియేండ్లకే వెస్టుమినిస్టరు గుడిలో ఆర్గను వాయించు కొలువు. అంతకుముందు ఆ కొలువులో నున్నవాడు ఆయన గురువు జాన్ బ్లో. 1695 మార్చిలో మేరీరాణి అంత్యక్రియలకు పర్సెలు సంగీతము కూర్చెను. ఆ సంవత్సరము నవంబరులో తానే పోయెను. ఆర్గనుకు సమీపముననే పూడ్చిరి. గురువు మరల పాత కొలువునకు వచ్చెను. శిష్యుని మరణముపై డ్రైడను కవి పద్యములు వ్రాయగా బ్లో వాటికి స్వరము కట్టెను: ఇద్దరు కౌంటర్ టెనరులు, రెండు రికార్డరులను పిల్లనగ్రోవులు. దీనిని జేమ్స్ బౌమను, రెనే జేకబ్సు కలసి పాడగా లియొన్‌హార్టు నడిపించిన రికార్డును మా యమ్మాయి వినిపించెను. రెండు హెచ్చుకంఠములు ఒకదానిపై నొకటి వ్రాలి ఒరసికొనునప్పుడు, చావింట ఇరువురు ఒకరి భుజముపై నొకరు తలవాల్చినట్లు తోచినది. 2023లో పరమపదించిన ఆ బౌమనుగారిది డెల్లరుకంటె గట్టి గొంతు, బాకావలె మ్రోగును.

సాయంకాలము ఐదున్నరకు ప్రార్థనకు కూర్చుంటిమి. టిక్కెట్టు లేదు. బృందము రెండుపక్షములై ఎదురెదురుగా నిలుచును. ముందువరుస పిల్లలు, వెనుకవరుస పెద్దలు. శతాబ్దములుగ ఇచ్చట పాడినవారు మగపిల్లలే. 2014లో ఆడపిల్లల బృందము కూడ ఏర్పడినది. స్త్రీలను పాడనీయనందుచేతనే పురుషులలో ఈ హెచ్చుకంఠము చర్చి మేళములలో నిలిచియుండెనని తలంచినపుడు మాకు సంతోషింపవలెనో చింతింపవలెనో తెలియలేదు. వెనుకవరుసలో కండ్లజోడు పెట్టుకొన్న నడివయస్కుడొకడు, బ్యాంకు గుమాస్తావలె నుండెను, నోరు తెరచెను. ఆ స్వరము పైకప్పు కమానులదాక పోయి మెల్లగా దిగివచ్చెను. ఎవరును నవ్వలేదు. మా చిన్నవాడు ఎదుటివారి ముఖములను ఒక్కొక్కటిగా చూచుట మేము గమనించితిమి. నవ్వువారికొరకే వాడు వెదకుచుండెను.

రైలులో తిరిగి వచ్చుచు వాడు రెండు రికార్డులను వరుసగా వినెను. రెండును ఆ 'మ్యూజిక్ ఫర్ ఎ వైల్' పాటయే. మొదటిది 1949 నాటిది, మన పద్యనాటకముల ప్లేట్లు తెచ్చిన కుక్కబొమ్మ కంపెనీ, హిజ్ మాస్టర్స్ వాయిస్ వారిదే. నాలుగు నిమిషముల పాట, పెద్దప్లేటునకు ఒకవైపు సరిపోవును. క్రింద మంద్రవాద్యము ఒకే చిన్న వరుసను మెట్టుమెట్టుగా పైకెక్కుచు మరల మరల వాయించును. మన తంబురా నిలుకడగా నుండును, ఇది నడచును. దానిపై గాయకుడు బాధలు కొంతసేపు మరపించు సంగీతమును పొగడుచు, నాగకేశియైన యొక దేవత తలనుండి పాములు జారిపడుటను వర్ణించును; జారు మాటను విడివిడిగా రాల్చును. రెండవది డెల్లరు అరువదియేండ్లు దాటిన తరువాత విలియం క్రిస్టీ హార్ప్సికార్డు వాయింపగా పాడినది. 1979లో ఇటలీలో ఆయన స్వర్గస్థుడయ్యెను. మొదటిదానిలో గొంతు వెన్నెలవలె నున్నది. రెండవదానిలో అంచులు చిరిగినవి, ఊపిరి వినబడును, కొన్నిచోట్ల సాగదీసి ఊయలలూపుట అతియనిపించును. అయినను మాకు రెండవదే హృద్యముగ నుండెను. చిన్నవానికి మొదటిది. వాదించితిమి. రెండేండ్ల తరువాత వాడు సంగీతమును గూర్చి మాతో వాదించుట అదియే మొదలు గాన, ఓడిపోయితిమి.

మూడవనాడు బౌటన్ ఆలఫు అను పల్లెకు బోయితిమి. వై స్టేషనులో దిగి, పట్టాల గేటు దాటి, చేలగట్లవెంట నడువవలెను. మావారు తిరుగురైలు వేళ నాలుగుసార్లు అడిగిరి. పొలముల నడుమ, చెకుముకిరాళ్లతో కట్టిన పాతగుడి. పూర్వము కాంటర్‌బరీ యాత్రికులు ఈ దారిని పోవునప్పుడు చలికాచుకొనుటకు ముఖమండపములో పొయ్యి గలదు. 1963లో డెల్లరు స్టౌరునదిపేర నొక సంగీతోత్సవము స్థాపించి ఈ గుడిలోనే పాడుచు పాడించుచుండెను. ఆయన పిమ్మట, కౌంటర్ టెనరే యైన కుమారుడు మార్కు దానిని నడిపెను.

మేము పోయినప్పుడు లోపల ఎవరును లేరు. సున్నపుగోడలు, వెలిసిన బల్లలు, ఒక పిచ్చుక. మేము బల్లపై కూర్చుండి తెచ్చుకొన్న పులిహోర పొట్లము విప్పవచ్చునా యని యాలోచించుచుంటిమి. చిన్నవాడు నడిమి త్రోవలో నిలుచుండి గొంతు సవరించుకొని, అందరికి ముందుగా తనకే వినిపించునంత మెల్లగా, త్యాగరాజస్వామివారి కృతి యొకటి ఎత్తెను. ఐదున్నర శ్రుతియే. పల్లవి రెండవసారి కొంచెము హెచ్చుగా పాడెను. రెండేండ్ల త్రుప్పు, ఒకచోట స్వరము తప్పి మరల పట్టుకొనెను. మావారు గడియారము చూచుట మానిరి.

అంతలో తలుపు కిఱ్ఱుమనెను. కాలినడకన వచ్చిన యొక ముసలమ్మ, బురద జోళ్లతో. వాడు పాట ఆపి మావైపు చూచెను. ఆమె టోపీ తీసి, చప్పుడు చేయక వెనుకబల్లపై కూర్చుండెను. మేము తల యూపితిమి. వాడు అనుపల్లవి యందుకొనెను.