ట్రంకు పెట్టెలో కాయితం

కొంచెం పెద్ద పోస్టు. సైక్లింగ్, రన్నింగ్, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నవాళ్లు మాత్రం చివరి దాకా చదవండి.

పోయిన ఎండాకాలం 40 కిలోమీటర్ల సైకిల్ రేసుకి పేరిచ్చాను. చేతిలో ఆరు వారాలుంది. హైదరాబాద్‌లో పగలంతా క్లాసులు, సాయంత్రం ట్రాఫిక్, రాత్రి కుక్కలు. రోడ్డు మీద గట్టిగా తొక్కే వీలే లేదు. ఒక సీనియర్ అన్న తన పాత ట్రైనర్ స్టాండ్ ఇచ్చాడు. వెనక చక్రం దానికి బిగిస్తే రూములోనే తొక్కొచ్చు. మా రూము పై అంతస్తులో, రేకుల కింద.

కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా, మళ్లీ గట్టిగా తొక్కడాన్ని ఇంటర్వెల్ అంటారు. అన్నిట్లో కష్టమైంది ఏదా అని వెతికితే టబాటా దొరికింది. 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కాలి, 10 సెకన్లు ఆగాలి, ఇలా ఎనిమిది సార్లు. జపాన్‌లో ఇజుమి టబాటా బృందం 1996లో దీని మీద పరిశోధన ప్రచురించింది. వాళ్లు ల్యాబ్‌లో కొలతలు పెట్టుకుని చేశారు. నేనేమో వార్మప్ లేదు, చెమట బాగా పట్టాలని ఫ్యానూ వేసుకోలేదు. ఒక సెట్ అయిన రెండు నిమిషాలకే రెండో సెట్ ఎత్తుకున్నాను.

ఐదో రౌండులో తొడలు వదిలేశాయి. కండ పట్టేయడం నాకు తెలుసు, ముడి పడినట్టు చేతికి గట్టిగా తగులుతుంది. ఇది అలా లేదు. తొడ మెత్తగానే ఉంది, లోపల నొప్పి, బలం మాత్రం లేదు. దిగబోయి కూలబడ్డాను. రూమ్మేట్ తడి తువ్వాలు కప్పి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ డాక్టరమ్మ "మీదే ఊరు బాబూ?" అనడిగింది. భద్రాచలం అవతల కోయగూడెం అని చెప్పాను. "సికిల్ సెల్ టెస్టు ఎప్పుడైనా చేశారా?" అంది.

ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు వేలికి గుచ్చిన సంగతి గుర్తుంది. అమ్మకి ఫోన్ చేశాను. "ఆ కాయితం ట్రంకు పెట్టెలో నీ టీసీ కింద ఉందిరా. మళ్లీ టెస్టు చేయించుకోమన్నారు, నువ్వే పోలేదు" అంది. నిజమే. ఒంట్లో బాగానే ఉంది కదా అని నేనే వదిలేశాను. మళ్లీ టెస్టు చేస్తే ఏఎస్ అని వచ్చింది. అంటే క్యారియర్‌ని, జబ్బు మనిషిని కాదు. క్యారియర్లు చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా ఆటలాడతారు. కానీ వేడిలో, నీళ్లు తాగకుండా, విశ్రాంతి లేకుండా శక్తికి మించి చేస్తే కొందరిలో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడొచ్చు. నాకు ఆరోజు జరిగింది అదేనని డాక్టరమ్మ ఖాయంగా చెప్పలేదు, ఇక మీద అలా తొక్కొద్దని మాత్రం గట్టిగా చెప్పింది.

అమెరికాలో 2006లో డేల్ లాయిడ్ అనే 19 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు వరస స్ప్రింట్ల ప్రాక్టీస్‌లో కూలిపోయి మర్నాడు చనిపోయాడు. అతనూ క్యారియరే, ఆ సంగతి ముందు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత 2010 నుంచి అక్కడి పై స్థాయి కాలేజీ ఆటగాళ్లకి ఈ టెస్టు పెట్టారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండు వారాలు సైకిల్ ముట్టుకోలేదు. డాక్టరమ్మ సరేనన్నాక ప్లాన్ మొదట్నుంచీ రాసుకున్నాను. రేసు దారిలో ఒక ఎక్కుడు ఉంది, అది నాలుగైదు నిమిషాల పని. మరి నేను 20 సెకన్లవి చేయడం దేనికి? అందుకే నాలుగు నిమిషాల ఇంటర్వెల్ పెట్టుకున్నాను. ముందు 20 నిమిషాలు మెల్లగా. తర్వాత గట్టిగా నాలుగు నిమిషాలు, అంటే రెండు మూడు మాటలకి మించి మాట్లాడలేనంత. మధ్యలో ఐదు నిమిషాలు తేలిగ్గా, ఊపిరి కుదుటపడకపోతే ఇంకాసేపు. మొదటి వారం రెండు సార్లు, తర్వాత మూడు, ఆపైన నాలుగు. వారానికి రెండు రోజులే, అదీ తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడు. రూములో గాలి తగలదు కాబట్టి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే ఎదురుగా ఫ్యాను, చేతికందేలా నీళ్లు, పక్కన రూమ్మేట్. తొడలో బలం తగ్గినా, ఊపిరి అందకపోయినా అక్కడే ఆపేయాలని గోడ మీద రాసి పెట్టుకున్నాను. పంతానికి పోవద్దు.

చివరి వారం ఎన్నిసార్లు చేయాలో తగ్గించాను, ఊపు తగ్గించలేదు. ఆదివారం రేసు అయితే బుధవారం రెండు ఇంటర్వెల్స్‌తో సరి. రేసు ముందు వారంలో కొత్త బలం రాదు, ఉన్న అలసట తీరాలంతే.

రేసులో గెలవలేదు. మధ్యలో ఎక్కడో వచ్చాను. కానీ ఆ ఎక్కుడు దిగకుండా ఎక్కాను, ఫినిష్ లైన్ దాటి నా కాళ్ల మీద నేను నిలబడ్డాను. అమ్మకి ఫోన్ చేస్తే మొదట అడిగింది "నీళ్లు తాగినవా?" అని.

2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద మన ఏజెన్సీ ఊళ్లలో టెస్టులు చేస్తున్నారు. మీ ఇంట్లోనూ ఆ కాయితం ఉండొచ్చు, వెతకండి. లేకపోతే పీహెచ్‌సీలో అడగండి. 1600 మీటర్ల పరుగుకి ఎండలో పోటీపడి ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు మీ రక్తం సంగతి తెలుసుకుని అప్పుడు ప్లాన్ రాసుకోండి. క్యారియర్ అని తేలితే సిగ్గుపడేదేం లేదు, ఆట మానాల్సిన పనీ లేదు. మీ కోచ్‌కి చెప్పండి, పక్కన ప్రాక్టీస్ చేసేవాళ్లకి చెప్పండి. నేను ఇక్కడ అందరికీ చెప్పినట్టే.